పుస్తకాల బండికి దాహమెక్కువ

సేజ్‌బ్రూక్, సస్కచేవాన్
1996 జనవరి 8

‘గ్రెయిన్ బెల్ట్’ వారపత్రికలో ‘ఎమిల్‌ను అడగండి’ అనే బండ్ల రిపేరు శీర్షిక రాసే ఎమిల్ వసిలెంకో గారికి,

సేజ్‌బ్రూక్ సంచార గ్రంథాలయం బండి నడిపే థోరా లిండాల్ నమస్కరించి రాస్తున్నది. మీ శీర్షికకు పంపే ప్రశ్న ఆరు వాక్యాలు దాటకూడదని తెలుసు. నాది దాటుతుంది. అచ్చు వేయకపోయినా సరే, జవాబు మాత్రం రాయండి.

మాది నాలుగు చక్రాలూ తిరిగే పెద్ద డీజిల్ ఎస్‌యూవీ. వెనక సీట్లు పీకించి ఏడు పెట్టెల పుస్తకాలు సర్దాం. గడ్డి మైదానాల్లో విసిరేసినట్టున్న పదకొండు పశువుల రాంచ్‌లు చుట్టి ఇంటికొస్తే ఐదు వందల ఇరవై కిలోమీటర్లు. సగం దారిలో, హార్స్ క్రీక్ దగ్గర, ఒకే ఒక్క బంకు ఉండేది. కొత్త సంవత్సరం నాడు దాని యజమాని తాళం వేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇక ఒక్క ట్యాంకుతోనే చుట్టు పూర్తి కావాలి. ట్యాంకు వంద లీటర్లు. బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు, మహా అయితే ఇంకో మూడు వందల మీటర్లు ఇస్తోంది. మిగతా దూరం పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నడవాలి.

డబ్బాలో డీజిల్ పట్టుకెళ్ళమంటారేమో. ఒకప్పుడు డబ్బా కారి ముప్పై ప్రేమ నవలలు తడిసిపోయాయి. అప్పటినుంచి బండిలో డబ్బా నిషేధం. పోనీ రాంచ్‌ల్లో అడిగి పోయించుకోమంటారేమో. వాళ్ళ దగ్గరుండేది పొలం యంత్రాలకి పన్ను లేకుండా ఇచ్చే ఊదారంగు డీజిల్. మా ట్యాంకులో ఆ రంగు చుక్క కనిపిస్తే పోలీసులు పుస్తకాలతో సహా బండిని పట్టుకుపోతారు.

నాకు ముందు పదిహేనేళ్ళు ఈ బండి నడిపినవాడు లాయిడ్ పికర్స్‌గిల్. ఆయన చేతిలో లీటరుకు ఏడు ఇచ్చేదట. ఇప్పుడాయన గ్రంథాలయ కమిటీకి అధ్యక్షుడు. “బండి అదే, రోడ్డు అదే. మారింది డ్రైవరే కదమ్మా” అన్నాడు, అందరి ముందూ. ఏప్రిల్ నుంచి దూరంగా ఉన్న ఆరిళ్ళకు పుస్తకాలు ఆపేద్దామన్నాడు. నేను గడువడిగాను. ఫిబ్రవరి 27న ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరి, చుట్టంతా తిరిగి, ట్యాంకులో పదిహేను లీటర్లు మిగిల్చి చూపించాలి. అప్పటిదాకా దగ్గరున్న ఐదిళ్ళకే వెళ్ళొస్తున్నాను.

అరవై ఒక్క ఏళ్ళలో నేను గడువు తప్పలేదు. తప్పినవాళ్ళకి చీటీలు పంపడమే నా ఉద్యోగం.

మీ పాఠకురాలు,
థోరా లిండాల్

తా.క. మా ఊళ్ళో మెకానిక్ ఉన్నాడు. లాయిడ్ అల్లుడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తర్వాత నా వైపు చూసి, “సమస్య కనబడుతూనే ఉంది” అన్నాడు.


యార్క్‌టన్
జనవరి 13

లిండాల్ గారికి,

ఉత్తరం అందింది. డీజిల్ ఊరికే పోదు. ఎక్కడికి పోతోందో చూడాలి.

మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పండి. ఇంజనుకు ఊపిరాడకపోతే డీజిల్ తాగి బతుకుతుంది. తర్వాత టైర్లలో గాలి చూడండి. చలికి గాలి కుంచించుకుపోతుంది, మెత్తని టైరు రోడ్డుని అంటుకుని ఈడుస్తుంది. ఆ తర్వాత వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్. అది తెరుచుకుని ఉండిపోతే ఇంజను ఎప్పటికీ వేడెక్కదు, చల్లటి ఇంజను తిండిపోతు. పాతదైతే మార్చేయండి. చిన్న పని.

ఒక్కొక్కటి చేసి మైలేజీ రాయండి. అన్నీ కలిపి చేస్తే ఏది పని చేసిందో తెలియదు.

ఎమిల్ వసిలెంకో

తా.క. ఆ ప్రేమ నవలలు ఏం చేశారు? ఎండబెట్టారా?


సేజ్‌బ్రూక్
జనవరి 20

ఎమిల్ గారికి,

మీరు చెప్పినట్టే అన్నీ చేశాం. ఫలితాలు వివరంగా రాస్తున్నాను, కుర్చీలో కూర్చుని చదవండి.

ఎయిర్ ఫిల్టర్ విప్పితే లోపల ఎలుక కాపురం పెట్టి ఉంది. గూడు కట్టడానికి అది చించుకుపోయినది మా పాఠకుల సభ్యత్వ కార్డుల్ని. ఇంటిపేరు ‘కె’తో మొదలయ్యేవాళ్ళందరూ ఇప్పుడు కొత్త కార్డులు రాయించుకోవాలి. ఎలుక ఖాళీ చేసింది. టైర్లలో గాలి నిజంగానే సగమే ఉంది, కొట్టించాను. రెండూ కలిపి నాలుగు ముక్కాలుకి వచ్చాం.

ఇక థర్మోస్టాట్. నాకు చేతకాక మా గ్రంథాలయం వాచ్‌మన్ మోర్టన్‌కి చీటీ రాసిపెట్టాను: “థర్మోస్టాట్ మార్చేయండి, పాతది పని చేయడం లేదు.” మోర్టన్ మంచి పనివాడు. ఆ సాయంత్రమే మార్చేశాడు. గ్రంథాలయం గోడ మీదది. ఇంటిని వేడి చేసే యంత్రం దాని మాట విని చెలరేగిపోయింది. మర్నాడు లోపల ముప్పై నాలుగు డిగ్రీలు. బయట మైనస్ ఇరవై తొమ్మిది. చరిత్ర పుస్తకాల చర్చకు వచ్చిన ముసలాళ్ళు కోట్లు విప్పి, స్వెట్టర్లు విప్పి, ఇంకా ఏం విప్పుదామా అని ఆలోచిస్తుంటే నేను చర్చ ముగించాను.

తర్వాత మోర్టన్‌తోనే బండిది కూడా మార్పించాను. అది నిజంగానే చెడిపోయి ఉంది. ఇప్పుడు లీటరుకు ఐదు. చుట్టుకి నాలుగు లీటర్లు తక్కువ, మిగలాల్సిన పదిహేను వేరే.

మీ,
థోరా లిండాల్

తా.క. నవలలు ఎండబెట్టాం. వాటికి ఇప్పుడు ముందుకన్నా గిరాకీ ఎక్కువ. ట్రాక్టరు వాసన వస్తుంటే హీరో నిజం మనిషిలా అనిపిస్తున్నాడట.


యార్క్‌టన్
జనవరి 25

లిండాల్ గారికి,

మంచిది. ఇంకో రెండు చూడండి.

ముందు చక్రాల మధ్యలో తిప్పే బిళ్ళలుంటాయి, హబ్బులంటారు. అవి ఎవరైనా లాకులో పెట్టి మర్చిపోతే ముందు ఇరుసు ఊరికే తిరుగుతూ డీజిల్ తినేస్తుంది. విడిపించండి, మంచు లోతుగా ఉన్నచోటే లాకు వేయండి.

రెండోది బరువు. ఈ బండ్లలో అక్కర్లేని బరువు చాలా పేరుకుపోయి ఉంటుంది. ముఖ్యంగా ముందు సీట్లో. మొహమాటపడకుండా తగ్గించండి. యాభై కిలోలు తగ్గినా తేడా కనబడుతుంది.

ఎమిల్ వసిలెంకో


సేజ్‌బ్రూక్
జనవరి 30

శ్రీ వసిలెంకో గారికి,

మీ ఉత్తరం చేరింది.

హబ్బులు లాకులోనే ఉన్నాయి. నేను ఆ బిళ్ళల్ని ఇప్పటిదాకా అలంకారం అనుకున్నాను, కనుక లాకు వేసింది నేను కాదు. నా ముందు పదిహేనేళ్ళు నడిపిన పెద్దమనిషే వేసి వదిలేసి ఉండాలి. విడిపించాను. లీటరుకు ఐదు పాయింటు మూడు వచ్చింది. కృతజ్ఞతలు.

రెండో విషయం. ముందు సీట్లో ఉండేది నేను. నా బరువు నాకూ, మా డాక్టరుకీ తెలుసు. ఆ ముచ్చట మా ఇద్దరి మధ్యనే ఉంటుంది. యాభై కిలోలు తగ్గితే నాలో మిగిలేది ఒక కోటు, ఒక జత బూట్లు. అవి బండి నడపలేవు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్ ఒక ఆడమనిషికి ఇలా రాస్తారని అనుకోలేదు. లాయిడ్ కూడా నా మొహం మీద ఇంతమాట అనలేదు, ఆయనకి నోరు తక్కువేం కాదు.

థోరా లిండాల్
గ్రంథాలయాధికారి

తా.క. లేదు.


యార్క్‌టన్
ఫిబ్రవరి 4

ప్రియమైన లిండాల్ గారూ,

మీ ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచి వంటింట్లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ముందు సీటు అంటే పక్క సీటు. రైతులు అందులో గొలుసులు, సుత్తులు, బ్యాటరీలు పడేసి నెలల తరబడి మోస్తుంటారు. రాసిన వాక్యాన్ని మీ కళ్ళతో ఇంకోసారి చదువుకుంటే నాకే సిగ్గేసింది. తగ్గమన్నది సుత్తుల్ని. నా సంగతంటారా, పెళ్ళినాటి కోటులో నా చెయ్యి ఒక్కటే పడుతుంది, అదీ మోచేతి వరకు.

దయచేసి పోట్లాట మానేయండి. ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి.

నా దగ్గరున్న ఉపాయాలు అయిపోయాయి. కానీ రాత్రి భోజనం దగ్గర ఒకటి తట్టింది. బండి నడిచేటప్పటి సంగతులన్నీ రాశారు. ఆగినప్పటి సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఒక రోజు మొత్తం నాకు చెప్పండి. ఎవరింటి ముందు ఎంతసేపు ఆగుతారు, ఎవరేం మాట్లాడతారు, ఎవరేం పెడతారు. ఏదీ వదలొద్దు.

క్షమాపణలతో,
ఎమిల్ వసిలెంకో

తా.క. ‘తా.క. లేదు’ అని తా.క. రాసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మీరు కోపంలో ఉన్నా పద్ధతి తప్పరు.


సేజ్‌బ్రూక్
ఫిబ్రవరి 9

ప్రియమైన వసిలెంకో గారికి,

పక్క సీటు చూశాను. మంచు పార ఒకటి, లాయిడ్ వదిలిపోయిన ఇనుప గొలుసులు రెండు, ఇసుక బస్తా ఒకటి. పోట్లాట మానేశాను.

రోజు మొత్తం చెప్పమన్నారు. పోయిన మంగళవారం చెబుతాను.

మొదటి మజిలీ డుబ్రే అన్నదమ్ములు. విల్ఫ్‌కి డెబ్బై, జార్జికి అరవై ఎనిమిది. ఇద్దరూ కౌబాయ్ నవలలే చదువుతారు, ఇద్దరికీ ఒకే పుస్తకం కావాలి. ఎవరు ముందు చదవాలో తేలడానికి బండిలో నలభై నిమిషాలు. విల్ఫ్ చివరి పేజీ చదివేసి, హంతకుడెవరో జార్జికి చెప్పి, “ఇక నీకెందుకురా” అని లాక్కున్నాడు. జార్జి దాల్చినచెక్క వేసిన సిన్నమన్ రొట్టె పెట్టాడు, నాకు మాత్రమే.

తర్వాత మేబెల్ ఆక్స్‌ఫోర్డ్. ఒంటరి మనిషి. ఆమె పుస్తకం తీసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, గంట తక్కువ కాకుండా ఉంటుంది. పోయిన వారం పుస్తకంలో ఎవరెవరు తప్పు చేశారో నాకు చెప్పి, నా చేత ఒప్పించుకుంటేనే కొత్తది పట్టుకెళుతుంది. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో అంతే. లాయిడ్ కాలంలో ఇలా ఉండేది కాదట. ఆయన కిటికీ అద్దం దించి, చేతికి అందిన పుస్తకం ఇచ్చి, అద్దం ఎత్తుకుని పోయేవాడు. మేబెల్‌కి ఆరేళ్ళు వరసగా తేనెటీగల పెంపకమే వచ్చిందట.

నేను అందర్నీ బండిలోకి రమ్మంటాను. పెట్టెల మధ్య చిన్న బల్ల ఉంది, ఇద్దరు పడతారు. హీటరు వేసి వెచ్చగా ఉంచుతాను. వణుకుతూ ఎవరూ పుస్తకం ఎంచుకోలేరు కదా. ఇంజను అలా తిరుగుతూనే ఉంటుంది. ఆపితే ఈ చలిలో డీజిల్ ఇంజను మళ్ళీ పలకదని మీకు నేను చెప్పాలా.

ఇదీ రోజు. ఇందులో మీకు పనికొచ్చేది ఏముందో నాకైతే కనబడలేదు. కానీ ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఎవరూ లేరు, అందుకని రాశాను.

మీ,
థోరా

తా.క. సిన్నమన్ రొట్టె మాడిపోయింది. జార్జి వంట నేర్చుకున్నది మా పుస్తకంలోంచే, నూట పన్నెండో పేజీ లేదందులో. పొయ్యిలోంచి ఎప్పుడు తీయాలో ఆ పేజీలోనే ఉంది.


యార్క్‌టన్
ఫిబ్రవరి 14

థోరా గారూ,

దొరికింది.

మీ బండి పరిగెడుతూ తాగడం లేదు. నిలబడి తాగుతోంది. అంత పెద్ద ఇంజను ఊరికే తిరిగినా గంటకు రెండు, రెండున్నర లీటర్లు అవుతుంది. మొత్తం చుట్టులో పదకొండు ఇళ్ళు, ఇంటికి దాదాపు గంట. ఇరవై అయిదు లీటర్లు మీరు వాకిళ్ళలో నిలబడి మేబెల్ గారి చేత తగలబెట్టిస్తున్నారు. లాయిడ్‌కి ఏడు ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? ఆయన మంచి డ్రైవరు కాదు, ఎవరితోనూ మాట్లాడని డ్రైవరు.

ఇంజను ఆపేయండి. మళ్ళీ పలకదని భయం వద్దు. మీ బండికి ముందు, రేకు కింద, ఒక ప్లగ్గు తీగ వేలాడుతుంటుంది. రాత్రిళ్ళు ఇంటి దగ్గర అది గోడకి గుచ్చే ఉంటారు. ఇంజనుకు కరెంటు కుంపటి లాంటిది. ప్రతి రాంచ్ వాకిట్లో ట్రాక్టర్ల కోసం కరెంటు స్తంభం ఉంటుంది. ఆగగానే గుచ్చండి, కదిలేముందు పీకండి. పుస్తకాల పెట్టెలు వంటింట్లోకి మోయించండి. వాళ్ళ పొయ్యి ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. మేబెల్ గారిని గంట కాదు, రెండు గంటలు మాట్లాడనివ్వండి. డీజిల్ చుక్క ఖర్చు కాదు.

ఇది ఎమిల్ ఉపాయాలు రాసిపెట్టుకున్న ఏ కార్డులోనూ లేదు. పదకొండు పెట్టెల కార్డులు రెండుసార్లు వెతికాను.

శుభం కోరుతూ,
ఎమిల్ వసిలెంకో

తా.క. పైన ‘ఎమిల్’ అన్నది నన్నే. వయసు మీదపడ్డాక కొందరు తమ పేరు తామే పెట్టుకుని మాట్లాడతారు. ఎమిల్ కూడా అంతే.


సేజ్‌బ్రూక్
ఫిబ్రవరి 29

ప్రియమైన మిత్రులకి,

గెలిచాం. ముందే రాసేస్తున్నాను, లేకపోతే మీరు ఉత్తరం చివరికి ఎగిరిపోతారు. ఇప్పుడు తీరిగ్గా చదవండి.

మంగళవారం పొద్దున ఆరున్నర. మైనస్ ముప్పై ఒకటి. లాయిడ్ తన చేత్తోనే ట్యాంకు మెడదాకా పోయించి, మూతకి కాగితం అతికించి, దాని మీద సంతకం పెట్టాడు. ఫ్లాస్కూ, నోటు పుస్తకమూ పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయన బరువు గురించి నేనేమీ అనలేదు, కానీ సుత్తులూ గొలుసులూ గుర్తొచ్చాయి.

డుబ్రేల వాకిట్లో ఇంజను ఆపాను. నిశ్శబ్దం. “ఇక ఇక్కడే ఉండిపోతాం” అన్నాడు లాయిడ్, సంతోషంగానే. విల్ఫ్ నారింజ రంగు తీగ లాక్కుంటూ వచ్చాడు. లాయిడ్ వెంటనే నోటు పుస్తకం తీశాడు. “ఆగు విల్ఫ్. పద్నాలుగో నియమం. గ్రంథాలయ సిబ్బంది పాఠకుల దగ్గర కానుకలు తీసుకోకూడదు. కరెంటు కానుకే.”

ఆ నియమం సంగతి నేను మర్చిపోయాను. వేసింది ఆయనే.

విల్ఫ్ తీగ కిందపెట్టలేదు. “ఇది బండికి కాదు లాయిడ్, పుస్తకాలకి. గడ్డకట్టిన పుస్తకం పేజీ తిరగదు. పుస్తకాలు పాడుకాకుండా చూసుకోవడం పాఠకుడి బాధ్యతని నీ నియమాల్లోనే ఉంది. ఎన్నోదిరా జార్జీ?”

“మూడోది” అన్నాడు జార్జి. ఆ అన్నదమ్ములు ఒక మాట మీదకి రావడం నేనదే మొదటిసారి చూడటం.

లాయిడ్ చాలాసేపు నోటు పుస్తకం తిరగేశాడు. చివరికి, “మూడు పద్నాలుగు కన్నా ముందుంది” అని ఒప్పుకున్నాడు. తీగ గుచ్చాం. పెట్టెలు వంటింట్లోకి వెళ్ళాయి. ముప్పావు గంట తర్వాత తాళం తిప్పితే బండి ఒక్క దగ్గు దగ్గి అందుకుంది.

మేబెల్ ఇంట్లో లాయిడ్‌ని కూర్చోబెట్టింది. “ఆరేళ్ళు తేనెటీగలు” అని మొదలుపెట్టింది. గంటా పది నిమిషాలు. డీజిల్ చుక్క ఖర్చు కాలేదు.

ఐదో ఇల్లు దాటి హార్స్ క్రీక్ దగ్గర తాళం వేసిన బంకు ముందునుంచి పోయాం. జనవరి నుంచి ఆ దారిన వెళ్ళలేదు. దూరపు ఆరిళ్ళవాళ్ళకు ఫోన్లో వస్తున్నానని చెప్పాను, అంతే. ఆరో ఇంటి మలుపు తిరిగేసరికి మంచులో గేటుదాకా నారింజ తీగ పరిచి ఉంది. తీగ చివర, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. ఏడో ఇంట్లోనూ అంతే. ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారన్నమాట. రైమర్ల ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఎనిమిది వారాలుగా ఉన్న ఒక్క పుస్తకాన్నే చదివారట. నడిపి పిల్ల గ్రెటా నా దగ్గరికొచ్చి, “ఆంటీ, అది నాకు మొత్తం నోటికొచ్చేసింది, ఇక తీసుకెళ్ళిపో” అని తిరిగి ఇచ్చింది. లాయిడ్ కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. జలుబన్నాడు.

ఆ రాత్రి బండిని రైమర్ల గొడ్ల కొట్టంలో ఆవుల పక్కన పెట్టి, మర్నాడు బయల్దేరాం. గాలి లేచింది. పదో ఇల్లు దాటాక రోడ్డు మంచులో మూసుకుపోయి ఉంది. చుట్టుదారిన పోవాలి, ఇరవై నాలుగు కిలోమీటర్లు ఎక్కువ.

“చుట్టు ఐదు వందల ఇరవై అని రాసుకున్నాం” అన్నాను.

“దారి మూసుకుపోవడం నియమాల్లో లేదు థోరా. పదిహేను లీటర్లంటే పదిహేను లీటర్లే” అన్నాడాయన.

మెత్తగా నడిపాను. ఎత్తు ఎక్కేముందు వేగం పోగేసుకుని, దిగేటప్పుడు కాలు తీసేసి. డీజిల్ మీటరు సూదిని చూడలేదు. ఆయన దాన్ని తప్ప ఇంకేదీ చూడలేదు.

సేజ్‌బ్రూక్ బంకులో కమిటీ అంతా నిలబడి ఉంది. లాయిడ్ మూత మీది కాగితం తన చేత్తోనే చించి, తన చేత్తోనే గొట్టం పట్టుకున్నాడు. యాభై దాటింది. అరవై దాటింది. డెబ్బై దగ్గర మోర్టన్ టోపీ తీసేశాడు. డెబ్బై ఏడు దగ్గర టక్కుమని ఆగింది. లాయిడ్ నమ్మలేక ఇంకా రెండుసార్లు నొక్కాడు. చుక్క పట్టలేదు.

ఇరవై మూడు లీటర్లు మిగిలాయి. ఐదు వందల నలభై నాలుగు కిలోమీటర్లు. లీటరుకు ఏడుకి పైన. మైనస్ ముప్పై ఒక్క డిగ్రీల చలిలో, ఎవర్నీ తొందరపెట్టకుండా, ఒక పెద్దమనిషిని కూడా మోస్తూ.

ఆయన గొట్టం తగిలించి, చేతి తొడుగు తీసి, నా చెయ్యి అందుకున్నాడు. “డ్రైవరు మారడం మంచిదే అయింది” అన్నాడు. అందరి ముందూ.

ఆరిళ్ళూ నిలిచాయి. మీరే నిలబెట్టారు.

మీ,
థోరా

తా.క. లాయిడ్ మేబెల్ దగ్గర ఒక పుస్తకం అప్పు తెచ్చుకున్నాడు. తేనెటీగల మీద. అంత బాగుంటుందని పదిహేనేళ్ళూ చూసుకోలేదట.


యార్క్‌టన్
మార్చి 6

ప్రియమైన థోరా గారూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడోసారి గట్టిగా, ఖాళీ ఇంట్లో. ఇంత మంచి ఉత్తరానికి అబద్ధం పేరుతో జవాబు రాయడం ఇక నా వల్ల కాదు.

నేను ఎమిల్‌ని కాదు. ఆయన భార్యని. నా పేరు ఓల్హా. ఎమిల్ పోయి పదహారు నెలలైంది.

ఇరవై రెండేళ్ళు ఆయన చెబుతుంటే నేను టైపు కొట్టాను. స్పానరు పట్టుకున్నది లేదు. ఆయన పోయిన వారం ముప్పై ఎనిమిది ఉత్తరాలు వచ్చాయి. ఆయన లేడని ముప్పై ఎనిమిదిసార్లు రాయడం కన్నా ముప్పై ఎనిమిది జవాబులు రాయడమే తేలికనిపించింది. కార్డులు ముందేసుకుని రాశాను. సంపాదకుడికి తెలుసు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. మరుసటి వారం ఇంకో నలభై వచ్చాయి. అలా అయిపోయింది. ఆయన గొంతుతో రాస్తున్నంతసేపు ఆయన పక్క గదిలో ఏదో విప్పుతున్నట్టే ఉండేది.

కానీ మీకు చెప్పిన ఆ చివరి ఉపాయం ఆయనది కాదు. ఎమిల్ ఎవరింట్లోనూ పది నిమిషాలు కూర్చున్న మనిషి కాదు. బండి ఆగినప్పుడు ఏమవుతుందో ఆయనకేం తెలుసు? వాకిట్లో ఇంజను తిరుగుతుండగా ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నది నేను. అది నాకు తెలుసు. మీ ఉత్తరం చదివాక ఖాళీ కార్డు ఒకటి తీసి, జీవితంలో మొదటిసారి, నా మాటలతో రాసి పెట్టెలో పెట్టాను. పన్నెండో పెట్టె.

మీరు కోప్పడితే అర్థం చేసుకుంటాను. మీ కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఓల్హా వసిలెంకో

తా.క. ఆ పెళ్ళినాటి కోటు మాత్రం నిజంగా నాదే.


సేజ్‌బ్రూక్
మార్చి 12

ప్రియమైన ఓల్హా గారూ,

హమ్మయ్య. ఆ పేరు రాయడానికి నెల రోజులుగా నా పెన్ను ఎదురుచూస్తోంది.

నాకు తెలుసు. ఎవరేం పెట్టారో కూడా రాయమన్న ఉత్తరం చదవగానే, ఇదేం మెకానిక్ అనుకున్నాను. మీ యార్క్‌టన్ ఊరి పత్రిక మా గ్రంథాలయానికి వస్తుంది. ఎవరూ చదవరు, నేనే దొంతర్లు కట్టి దాస్తాను. ఆ సాయంత్రం దొంతర్లన్నీ విప్పాను. 1994 నవంబరు, ఏడో పేజీలో ఎమిల్ గారి ఫోటో ఉంది. మంచి కళ్ళు. కింద ‘భార్య ఓల్హా’ అని మీ పేరుంది.

ఒక పూట భయపడ్డాను. ఆరిళ్ళ బతుకు ఒక టైపిస్టు చేతిలో పెట్టానే అని. తర్వాత ఆలోచించాను. ఎలుకని బయటికి తీయించింది మీరు. హబ్బులు విడిపించింది మీరు. తిట్టినా మళ్ళీ రాసింది మీరు. అందుకే నా రోజంతా దాచకుండా రాశాను. చనిపోయిన మనిషికైతే అంత రాసేదాన్ని కాదు. మీరు చెప్పేదాకా నేను చెప్పకూడదనుకున్నాను, అంతే.

ఇక్కడి కబుర్లు. కమిటీ పద్నాలుగో నియమం కొట్టేసింది. ఇంకో మూడు రాంచ్‌లు మా చుట్టులో కలపమని అడుగుతున్నాయి. తీగలు సిద్ధంగా ఉన్నాయట.

అసలు సంగతి ఇప్పుడు. లాయిడ్ పోయిన వారం కొత్తగా ఒక డీజిల్ ఎస్‌యూవీ కొన్నాడు. నన్ను చూసే కొన్నాడని మోర్టన్ అంటాడు. అది లీటరుకు ఐదు ఇస్తోంది. అల్లుడు మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు, నాలుగున్నరకి వచ్చింది. నిన్న నా బల్ల దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, “ఆ ఎమిల్‌కి నా తరఫున ఒక ముక్క రాయకూడదూ” అన్నాడు.

“ఎమిల్ గారు పోయారు. ఇప్పుడు చూస్తున్నది ఆయన భార్య. గెలిపించింది కూడా ఆవిడే. రాయాలంటే నువ్వే రాసుకో, సరైన పేరుతో” అన్నాను. మీ గుట్టు మీ అనుమతి లేకుండా ఒక్క మనిషికి చెప్పాను, క్షమించాలి. కానీ ఆయన మొహం మీరు చూసి ఉంటే మీరే చెప్పమనేవారు.

అరగంట పెన్ను కొరికాడు. తర్వాత కూర్చుని రాశాడు. ఆ ఉత్తరం దీంతోపాటు పంపుతున్నాను, అతికించిన కవరులో. పైన ఏం రాశాడో చూడండి: ‘శ్రీమతి ఓల్హా వసిలెంకో గారికి, డీజిల్ నిపుణురాలు.’ అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి, కానీ తప్పుల్లేవు. అచ్చు వేస్తారో, పెట్టెలో దాచుకుంటారో మీ ఇష్టం. నేనైతే అచ్చు వేస్తాను, మీ పేరుతో, మొదటి పేజీలో.

మీ నేస్తం,
థోరా

తా.క. లాయిడ్‌కి వెంటనే జవాబు రాయకండి. ఆయన బండిని ఒక్క వారం తాగనివ్వండి.